చెంబుకు టోపీ, మిక్సీకి స్వెట్టర్

బస్సు కండక్టరు రిటైరైతే నోటికి ఏ లోటూ ఉండదు. వాదించడానికి ఇంట్లో పెళ్లాం ఉంటుంది. కష్టమంతా చేతులకే. టిక్కెట్ మిషను డిపోలో అప్పగించి వచ్చిన మర్నాటి నుంచి నా వేళ్లు ఊరికే ఆడుతుండేవి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుంటే ‘ఎక్కడిదాకా?’ అని అడగబోయి ఆపుకునేవాణ్ణి. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నాకూ విముక్తి వచ్చింది గానీ, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. రాష్ట్రానికి ఆ చిక్కు లేదు, జిల్లాలు విడగొట్టుకుంటూ కూర్చుంది. నేను స్వెట్టర్లు అల్లడం మొదలుపెట్టాను.

నేర్పినవాళ్లంటూ ఎవరూ లేరు. నల్గొండ నుంచి రోజూ నా బస్సులో బడికి వచ్చిపోయే ఒక టీచరమ్మ ఉండేది. ముందు సీట్లో కూర్చుని, ఒళ్లో ఉలన్ ఉండ పెట్టుకుని, రెండు సూదులతో అల్లుతూనే ఉండేది. గుంతల రోడ్డు మీద బస్సు ఎగిరిపడ్డా ఆమె కుట్టు జారేది కాదు. పక్కన కూర్చున్నవాళ్లకు ‘ఒకటి సీదా, ఒకటి ఉల్టా’ అని చెబుతుంటే నేను టిక్కెట్లు కొడుతూ వినేవాణ్ణి. ఏళ్ల తరబడి విన్నాను కనుక నాకు వచ్చేసిందనే అనుకున్నాను. సూదులు చేతికొచ్చాక తెలిసింది, విన్నది వేరు, వేళ్లకు తెలిసింది వేరు అని. అయినా పట్టు వదలలేదు.

ఊళ్లో నవ్వారు. బస్టాండ్ దగ్గరి చాయ్ హోటల్లో నా ఈడువాడొకడు, ‘ఏందన్నా, ఆడోళ్ల పనికి దిగినవంట. రేపు ముగ్గు గూడ వెడ్తవా?’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మాది గొర్ల మంద మేపిన ఇల్లు. మా బాపు గుంట మగ్గం మీద గొంగళ్లు నేసేవాడు. ఉన్ని పని మగవాళ్లది కాకపోతే మీ తాతలు వానకు ఏం కప్పుకున్నారని గట్టిగానే అడిగాను. అందరూ చాయ్ ఊదుకున్నారు.

బాపుకు ఒక సుఖం ఉండేది. ఏం నేయాలో వెతుక్కునే పని లేదు. నల్ల గొర్రె ఉన్నితో నల్ల గొంగడి, అంచుకు తెల్ల గీత. చలికీ అదే, వానకీ అదే, పరుచుకుని పడుకోవడానికీ అదే. నాకు అట్లా కుదరదు. నాకు డిజైన్లు కావాలి. డిజైన్లన్నీ ఫోన్లో ఉన్నాయి. ఫోన్లో ఉన్నవన్నీ మంచు కురిసే దేశాలవి.

మా నకిరేకల్ చలి సంగతి చెప్పాలి. దీపావళి పోయాక బిడియపడుతూ వస్తుంది, శివరాత్రికి శివశివా అంటూ పోతుంది. మిగిలిన కాలంలో ఎక్కువ భాగం బండలు పేలే ఎండ. ఆ ఎండలో కూర్చుని నేను ఫోన్ తెరిస్తే, ఒక తెల్లామె మంట ముందు కాళ్లు చాపుకుని, ఒళ్లో పిల్లిని పెట్టుకుని, చెవులకు పట్టీ, మెడకు మఫ్లర్, మోకాలి దాకా మేజోళ్లు, వేళ్లు లేని చేతి తొడుగులు చూపించేది. ఇక్కడ కరెంటు పోయి, ఫ్యాన్ ఆగి, ఉలన్ దారం చెమట వేళ్లకు అంటుకుపోతుండేది. తెలుగులో చెప్పేవాళ్లు లేకపోలేదు. ఒకామె ఉంది. మొదట తన కొత్త వంటిల్లు చూపిస్తుంది. తర్వాత మరదలు పెట్టిన చీర చూపిస్తుంది. ఆ తర్వాత తన ఛానల్ కింద గంట గుర్తు నొక్కమంటుంది. సూది మీదికి ఎన్ని కుట్లు ఎక్కించాలో చెప్పేలోపు వీడియో అయిపోతుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఇక వాళ్లిచ్చే ఐడియాలు. కుక్కకు స్వెట్టర్. ఉడకబెట్టిన గుడ్డు చల్లారకుండా గుడ్డుకు టోపీ. టీ కెటిల్‌కు గుండీల కోటు. మా దగ్గర ఉడికిన గుడ్డు చల్లారేదాకా ఆగేవాడెవడు? ఇవన్నీ నేను మా ఇంటామెకు చూపించేవాణ్ణి. ‘కెటిల్‌కు కోటేందయ్యా, వాళ్ల కడుపు సల్లగుండ!’ అని ఆమె పగలబడి నవ్వేది. ఆమె కోసం నేను అల్లిన మొదటి వస్తువు ఒక మఫ్లర్. ఉగాది దాటాక పూర్తయింది. దాన్ని ఆమె పొయ్యి మీది గిన్నెలు దించడానికి వాడింది.

ఇట్లా నవ్వుకుంటున్న ఇంటికి మా అమ్మాయి పురిటికి వచ్చింది.

మాకు ఒక్కతే పిల్ల. రామన్నపేటకు ఇచ్చాం. అక్కడ ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. దానికి ఇది రెండో కానుపు. మొదటిది ఏడో నెలలో పోయింది. అప్పుడు మేమందరం ముందే ఉబ్బిపోయి ఊయల కొన్నాం, దోమతెర కొన్నాం, గౌన్లు కొన్నాం. బిడ్డ రాలేదు, వస్తువులు మిగిలాయి. వాటిని మూటగట్టి అటుక మీద పెట్టాం. ఏ పని మీద అటుక ఎక్కినా ఆ మూట వైపు చూడకుండా దిగడం ఇంట్లో అందరికీ అలవాటైంది. ఈసారి డాక్టరమ్మ విశ్రాంతి అంటే ఆరో నెలలోనే తీసుకొచ్చాం. వచ్చిన రోజు అమ్మాయి చెప్పులు విప్పుతూ మొదట చూసింది అటుక వైపే.

అందుకే మా ఇంటామె చట్టం చేసింది. పుట్టేదాకా బిడ్డ అన్న మాట ఇంట్లో వినబడకూడదు. బిడ్డ కోసం ఏదీ కొనకూడదు, కుట్టకూడదు, అల్లకూడదు.

‘నీ సూదులు లోపల వెట్టు,’ అంది నాతో. ‘పుట్టినంక ఎంతన్న అల్లుకో. అప్పుడు గూడ కొత్తయి ఎయ్యం. పాతయే.’

మా దగ్గర పద్ధతి అది. పుట్టిన పసిగుడ్డుకు మొదట వేసేది పాతదై ఉండాలి, వాడి వాడి, ఉతికి ఉతికి మెత్తబడ్డదై ఉండాలి. కొత్తది వేస్తే ఎవరి కళ్లో పడతాయని. నేను ఊరూరూ తిరిగిన కండక్టరును, దిష్టి గిష్టి నమ్మను. అయినా సూదులు బీరువాలో పెట్టేశాను. నమ్మకుండా ఉండటానికి ధైర్యం కావాలి. అప్పుడు నా దగ్గర అది లేదు.

ఫోనుకు మాత్రం ఈ చట్టం వర్తించలేదు. ఒకనాడు ఆగలేక, పసిపిల్లల టోపీ ఎట్లా అల్లుతారని ఒక్కసారి వెతికాను. అంతే, పట్టుకుంది. వార్తలు తెరిస్తే ఊయలలు. వాన పడుతుందా అని చూస్తే పాలసీసాలు. ‘అభినందనలు, మీ పాపకు ఏం పేరు అనుకుంటున్నారు?’ అని పలకరించింది ఒక ప్రకటన. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు నవ్వింది ఈ ఫోనును చూసేనేమో. నోటికొచ్చింది వాగకు అని నెత్తిన మొట్టడానికి దానికొక అవ్వ లేదు.

ఒక సాయంత్రం అమ్మాయి ఏదో చూస్తానని నా ఫోన్ అడిగింది. తెరవగానే తెర నిండా అరచేతులంత స్వెట్టర్లు. చూస్తూ ఉండిపోయింది. చెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీదికి పోయింది. తర్వాత ఫోన్‌ను మంచం మీద బోర్లించి లేచి వెళ్లిపోయింది. మా ఇంటామె నా వైపు ఎట్లా చూసిందంటే, టిక్కెట్ లేకుండా దొరికినవాళ్లను నేను కూడా అంత ఘోరంగా చూడలేదు.

‘జర సోయి ఉన్నదా అయ్యా నీకు?’ అంది.

తప్పు ఫోనుదని చెప్పినా వినే స్థితిలో ఆమె లేదు. ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున అమ్మాయి వంటింట్లో నిలబడింది. గూట్లో చిన్న ఇత్తడి చెంబు బోర్లించి ఉంది. దాని గుండ్రటి అడుగు వైపు చాలాసేపు చూసి నన్ను పిలిచింది.

‘బాపూ, చలికాలం వస్తాంది. గా చెంబుకు చలి వెడ్తదేమో. ఒక టోపి అల్లరాదు?’

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నా చూపు సూదులున్న బీరువా వైపు పోయింది. పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్న మా ఇంటామె చేతిలో గరిటె ఆగింది. ఆమె తల మాత్రం తిప్పలేదు.

‘చెంబుకైతే అల్లొచ్చు,’ అంది పప్పుతో. ‘చెంబుకు దిష్టేంది.’

‘మిక్సీల చిన్న జారుకు గూడ కవర్ లేదు గదమ్మా.’

‘జారుకు గూడ అల్లొచ్చు.’

అట్లా చట్టానికి సవరణ వచ్చింది. కెటిల్‌కు కోటు వేసేవాళ్లను చూసి నవ్విన ఇల్లే చెంబుకు టోపీ పెట్టడానికి ఒప్పుకుంది. పైగా ఇప్పుడు అల్లితే కానుపు నాటికి అవి పాతబడతాయి. ఒక చెంబు పెట్టుకుని విప్పిన టోపీ, ఒక జారు తొడుక్కుని విడిచిన స్వెట్టర్ కొత్త బట్టలు ఎట్లా అవుతాయి? మన దేవుళ్లు అమాయకులేం కాదు. కానీ పైకి చెప్పే మాట సరిగ్గా ఉంటే లోపల తవ్వి చూడరు. నా ఉద్యోగంలో చూసిన చెకింగ్ ఇన్‌స్పెక్టర్లూ అంతే.

సూదులు బయటికొచ్చాయి. నేను మళ్లీ డిజైన్ల కోసం ఫోన్లో పడ్డాను, ఈసారి దర్జాగా, మిక్సీ పేరు చెప్పి. చిక్కల్లా ఏమిటంటే ప్రతి డిజైను మీదా వయసు రాసి ఉంటుంది. అప్పుడే పుట్టినవాళ్లకు ఒకటి, మూడు నెలలకు ఒకటి, ఏడాదికి ఒకటి.

‘మన మిక్సీకి ఏ సైజు?’ అని అడిగాను.

‘అప్పుడే పుట్టిన సైజు సరిపోతది,’ అంది అమ్మాయి గోడ వైపు చూస్తూ. ఆ మిక్సీ దాని పెళ్లికి ముందు కొన్నది.

లెక్కల టీచరు కదా, టేపు తెచ్చి చట్నీ జారు ఛాతీ కొలిచింది. డిజైన్లో రాసిన కొలతకు, జారు కొలతకు ఇంచుమించు సరిపోయింది. ఎందుకో మా ముగ్గురికీ అది శుభమనిపించింది. రంగు పసుపు, అల్లం వెల్లుల్లి మరకలు కనబడవని. కుందేలు చెవుల టోపీ ఒకటి నాకు బాగా నచ్చింది. మా ఇంటామె ఒప్పుకోలేదు. ‘చెంబుకు కుందేలు చెవులేంది, నలుగురు నవ్వరా?’ అంది. అంటే టోపీ ఒక్కటైతే నవ్వరని ఆమె నమ్మకం. గడ్డం కింద కట్టుకునే తాడు దగ్గర మళ్లీ పంచాయితీ.

‘చెంబుకు గదువ ఏడున్నదే?’

‘మెడ ఉన్నది గదమ్మా,’ అంది అమ్మాయి.

చాలా నెలల తర్వాత ఆ పిల్ల నవ్వడం అప్పుడే చూశాను. తాడు పెట్టాను.

స్వెట్టర్ జారుకు తొడిగిన మర్నాడు చూస్తే కింది అంచున ఒక కాటుక చుక్క ఉంది. ఏమిటని అడిగితే, ‘మిక్సీ గింత ముద్దుగున్నది, ఎవరన్న కన్నేస్తే?’ అంది మా ఇంటామె. చెంబుకు దిష్టేందన్న మనిషే.

చక్కెర కోసం వచ్చిన పక్కింటామె మా వంటిల్లు చూసి నిలబడిపోయింది.

‘మిక్సీకి చేతులేందక్కా?’

‘ఇప్పుడు గట్లనే వస్తున్నయి,’ అంది మా ఇంటామె.

మా వాడకట్టుకు ఆ ఒక్క మాట చాలింది. కొద్దిరోజుల్లోనే పక్కింటామె ఉలన్ తెచ్చిచ్చింది, తన మిక్సీకి ఫుల్ చేతులు కావాలని. ఎదురింటామె కాలర్ కూడా పెట్టమంది. చేతులు దేనికని మళ్లీ ఒక్కరూ అడగలేదు. మా ఇంట్లో ఉన్నాయి, వాళ్ల ఇంట్లోనూ ఉండాలి. మంచు దేశాల డిజైన్లన్నీ వెతికి నేను సాధించలేని పేరు, అక్కరలేని రెండు చేతులతో వచ్చింది. చాయ్ హోటల్లో ముగ్గు మాట అన్నవాడు ఒక పొద్దున నన్ను పక్కకు పిలిచి, అటూ ఇటూ చూసి, ‘అన్నా, మా ఇంటామె గ్రైండర్‌కు అడుగుతాంది. నడుముకు పట్టీ గూడ వెట్టుమన్నది,’ అన్నాడు. లైన్లో రమ్మన్నాను.

ఈ నవ్వులాటలో ఏడో నెల దాటింది. దాటిందని ఎవరూ అనలేదు. ఆ రోజు మా ఇంటామె పాయసం చేసింది. బెల్లానికి చీమలు పడుతున్నాయి, పారేయలేక చేశానని చెప్పింది. డబ్బా తీసి చూశాను, ఒక్క చీమ లేదు.

నా భయమంతా మా వియ్యపురాలితో. ఆమె ఊరు రామన్నపేట ఒకనాడు ఉన్నపళంగా వేరే జిల్లాలోకి మారిపోయింది గానీ, ఆమె మాత్రం తన పద్ధతుల్లోంచి ఒక్క అడుగు కదల్లేదు. మొదటి కానుపు పోయినప్పుడు, ‘ముందే అన్ని తెచ్చి ఇంట్ల పరిచిండ్రు, నలుగురి కండ్లు వడ్డయి,’ అని అందరి ముందరా అన్నది. ఆ మాట మా అమ్మాయి మనసులోంచి పోలేదు. కార్తీకం చివర్లో ఆమె గారెల డబ్బా పట్టుకుని కోడలిని చూడవచ్చింది. స్వెట్టర్ దాచేలోపు నేరుగా వంటింట్లోకి నడిచింది. మేం ముగ్గురం ఆమె వెనక దొంగల్లా నిలబడ్డాం. అమ్మాయి తల్లి కొంగు పట్టుకుంది.

ఆమె చెంబును చూసింది. జారును చూసింది. దగ్గరికి పోయి, వేలాడుతున్న ఒక చేతిలోకి వేలు దూర్చి వెడల్పు చూసింది. గుండీ లాగి చూసింది. కాటుక చుక్క దగ్గర ఆగింది.

‘గివి ఏంటియి వదినె?’

‘కవర్లు వదినె,’ అంది మా ఇంటామె.

వియ్యపురాలు స్వెట్టర్‌ను జారు మీంచి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది.

‘ఇంక కొత్త వాసన పోలే,’ అంది. ‘గిట్ల అందంగ నిలవెడ్తే ఎప్పుడు పాతగావాలె? జర వాడుండ్రి, ఉతుకుండ్రి. రంగు ఎలవాలె.’ తర్వాత కోడలి వైపు తిరిగింది. ‘చెంబుకు ఒక్కటే టోపియా? తడిస్తే ఎట్ల మరి?’

మా అమ్మాయి అత్తను కరుచుకుని బోరుమంది. అత్త కూడా ఏడ్చింది. అంత ఏడుపులోనూ బిడ్డ అన్న మాట ఇద్దరిలో ఒక్కరి నోటా రాలేదు. నేను అరుగు మీదికి పోయి రెండో టోపీకి కుట్లు ఎక్కించాను.

అప్పటి నుంచి వాడకం మొదలైంది. పల్లి చట్నీ చేసిన ప్రతిసారీ ఇంత చట్నీ స్వెట్టర్‌కు అంటేది. మా ఇంటామె కుంకుడురసంతో ఉతికి తీగ మీద ఆరేసేది. ఆ రెండు చిన్న చేతులూ గాలికి ఊగుతుంటే, మేం ముగ్గురం ఎవరి పనిలో వాళ్లం ఉన్నట్టు నటిస్తూ చూసేవాళ్లం. పసుపు రంగు మెల్లగా వెలిసింది. ఉలన్ మెత్తబడింది. మాలో భయం మాత్రం మొదటి రోజులాగే కొత్తగా ఉండేది.

పుష్యంలో, మా ఊరికి కూడా నిజంగా చలి వచ్చిన రోజుల్లో, నొప్పులు మొదలయ్యాయి. నల్గొండ దవాఖానకు బయలుదేరుతుంటే మా ఇంటామె సంచి సర్దింది. పాత చీరలు, గ్లాసులు, వేడినీళ్ల ఫ్లాస్కు. జారు విడిచిన స్వెట్టర్‌ను ఫ్లాస్కు తొడుక్కుని ఉంది. పక్కన చెంబు టోపీ పెట్టుకుని ఉంది.

‘చెంబెందుకే? అక్కడ నీళ్లు దొరకవా?’ అన్నాను.

‘దాని టోపి నేను తీస్తనా? తీస్తే ఎందుకు తీసినట్టు?’

నిజమే. తీస్తే దేనికోసమో తీసినట్టే. చెంబు సంచిలోకి ఎక్కింది.

దవాఖానలో మాతోపాటు వియ్యపురాలు కూడా కూర్చుంది. ముగ్గురం సంచిని మధ్యలో పెట్టుకుని గంటల తరబడి తలుపు వైపే చూశాం. పొద్దెక్కాక నర్సు తలుపు తీసింది.

‘ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు. చలిగున్నది, తల కప్పాలె. టోపి, స్వెట్టర్ తెచ్చుకున్నరా?’

మా ఇంటామె సంచిలోంచి చెంబు బయటికి తీసి టోపీ లాగింది. ఫ్లాస్కు తీసి ఒళ్లో పెట్టుకుని, గుండీలు ఒక్కొక్కటే విప్పింది. ఆ ఫ్లాస్కు పాతది, వేడి నిలవదు. అందువల్ల స్వెట్టర్ వెచ్చగా ఉంది. నర్సు ఇదంతా నోరు తెరుచుకుని చూసి, చేతిలోకి తీసుకుని వాసన పట్టింది.

‘గిదేం వాసనమ్మా?’

‘పల్లి చట్నీ,’ అన్నాను నేను.

‘మస్తు ఉతికినం సిస్టర్,’ అంది వియ్యపురాలు గర్వంగా. ‘పాతది.’

కాసేపయ్యాక మమ్మల్ని లోపలికి పంపారు. అమ్మాయి మగతగా పడుకుని ఉంది. పక్కన వెలిసిన పసుపు టోపీ కనబడుతోంది. నెలల తరబడి చెంబు మీద ఉండి సాగిపోయి, కనుబొమల దాకా దిగింది. అమ్మాయి అటు చూడటం లేదు. పైకప్పు వైపు చూస్తూ, ఎవరైనా వింటారేమోనన్నట్టు మెల్లగా అడిగింది.

‘అమ్మా, చెంబు మంచిగున్నదా?’

అమ్మాయికి మత్తు ఇంకా దిగలేదనుకుంది నర్సు. వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చట్టం చేసిన మనిషే జవాబు చెప్పాలి. మా ఇంటామె వంగి, ఆ పసుపు మూటను రెండు చేతులతో ఎత్తి, కూతురి గుండెల మీద పడుకోబెట్టింది.

‘చెంబేందే పిచ్చిదానా,’ అంది. ‘బిడ్డ. నీ బిడ్డ.’

అప్పుడు మా అమ్మాయి తల వంచి చూసింది. నేను ఒక చేతిలో బోడి చెంబు, ఇంకో చేతిలో బోడి ఫ్లాస్కు పట్టుకుని, వార్డులో అందరి ముందూ సిగ్గు లేకుండా ఏడ్చాను.